స్టూడియో వాచీ

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. అప్పలసూరికి ఆపాటి మర్యాదైనా దక్కలేదు. కొండమీది సంత నుంచి చింతపండు మోసుకురావడానికి వెళ్లినవాణ్ణి పోలీసులు కాల్చారు. మర్నాడు పేపర్లో బొమ్మ పడింది. గుండెల మీద తుపాకీ, దాని మీద వాడి చెయ్యి. అంతకుముందు వరకూ "కూలోల మీద కాల్పులేటిరా" అని తిట్టుకున్న చీపురుపల్లి జనమే, ఆ బొమ్మ చూశాక "మంచిపనే సేసినారు" అన్నారు.

వాడు కావడిబద్ద తప్ప మరొకటి పట్టి ఎరగడని తల్లి దేముడమ్మకు తెలుసు. శవం ఆసుపత్రిలో ఉంది. సాయంత్రంలోగా తీసుకుపోకపోతే తామే పూడ్చేస్తామన్నారు అక్కడివాళ్లు. పాడె మొయ్యడానికి నలుగురు కావాలి. ఆమె సొంత తమ్ముడే రానన్నాడు.

"తుపాకీ ఒట్టుకున్నోడిని మోస్తే, రేపు మమ్మల్ని మోసీవోళ్లుండరే అప్పా" అన్నాడు.

ఒక బొమ్మ చూసి ఛీ అన్న జనం, ఇంకో బొమ్మ చూస్తే అయ్యో అంటారనుకుంది ఆ పిచ్చితల్లి. ట్రంకుపెట్టెలోంచి కొడుకు పెళ్లిఫొటో తీసుకుని స్టేషన్ రోడ్డు టీకొట్టుకు పరుగెత్తింది.

"సూడండి బావూ, నా కొడుకు మొకం సూడండి. ఇలాటోడు మనిసిని సంపుతాడేటి? ఓ నలుగురు రండి, మీ కాళ్లట్టుకుంతాను."

ఫొటో చేతులు మారింది. ఒకడు దాన్ని కళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

"ఒరే, సేతికి వాచీ సూడండ్రా! కూలోడికి వాచీ ఎక్కడిది? ఏ సావుకారి కొంప దోసీసినాడో!"

ఆ వాచీ పక్కనే ఉన్న జగన్నాధం స్టూడియోది. ఎప్పుడో ఆగిపోయిన వాచీ. ఫొటో దిగే ప్రతి పెళ్లికొడుక్కీ అతనే పెడతాడు, అయ్యాక విప్పుకుంటాడు. ఆ మాటన్నవాడి పెళ్లిఫొటోలోనూ అదే ఉండొచ్చు. కానీ పేపర్లో తుపాకీ చూసిన కళ్లకు అవేవీ గుర్తురావు.

దేముడమ్మ ఫొటో లాక్కుని, పడుతూ లేస్తూ స్టూడియోలోకి వెళ్లింది.

"బావూ, ఈ వాచీ నీదే కదేటి? పోలీసోళ్లు పిలిస్తే తుపాకీ ఫొటో కూడా నువ్వే తీసినావట. వాచీ ఎవులెట్టినారో, తుపాకీ ఎవులెట్టినారో, బయటికొచ్చి ఒక్క మాట సెప్పు. నా బిడ్డ శవం లేస్తాది."

జగన్నాధానికి అన్నీ తెలుసు. తెలుసు కనకే వీధిలో ఆగి ఉన్న పోలీసు జీపు వైపు చూశాడు.

"నాకేటీ తెల్దు. ఎల్లు ఎల్లు, గిరాకీ ఉంది" అని కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చేశాడు.

ఎదురుగా బెంచీ మీద పసుపుబట్టల పెళ్లికొడుకు బిగుసుకుని కూర్చున్నాడు. చేతికి అదే వాచీ. దేముడమ్మ వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇది ఇప్పీరా నాయినా. ఒట్టి సేత్తో ఫొటో దిగు. రేపు నిన్ను మొయ్యడానికి నలుగురు రావాల."