తోలాకెలె వెనక్కి తీసుకున్న మాట

తోలాకెలె ఒంట్లో హెచ్ఐవీ ఉందని తెలిసి పదేళ్లు దాటింది. ఒక్క మాత్ర మింగలేదు, ఒక్కనాడూ మంచం పట్టలేదు. వాళ్ల ఊరు ఉమ్లాజీలోని ఆసుపత్రి వాళ్లు ఆమె నెత్తురు పరీక్షించినప్పుడల్లా ముక్కున వేలేసుకునేవారు. పాపం, అందుకు పొంగిపోయిన ఆమె సంతోషమే కొంప ముంచింది. కిందటి చలికాలం మేకను కోసి, నాయనమ్మ గుడిసెలో చనిపోయిన పెద్దలుండే వెనకగోడ దగ్గర, వాళ్లని పిలిచే ఇంపెపో ఆకు పొగవేసి, "మా ఇంటిల్లిపాది నెత్తురునీ కాస్తున్నారు, మీకు దండాలు" అని అందరూ వినేలా మొక్కింది.

చెల్లెలు ఫుమ్లాకీ అదే జబ్బు. ఆ మొక్కు విన్న మర్నాటి నుంచి ఆమె తన మాత్రలు గుట్టుగా పొయ్యిలో వేస్తూ వచ్చింది. ఇప్పుడు చాప మీద ఎముకల గూడై పడివుంది. జావ కూడా దిగడం లేదు.

తోలాకెలె పరుగున వెళ్లి నర్సు కాళ్ల మీద పడింది. "నా నెత్తురు తీసి దానికెక్కించండమ్మా, ఎంతైనా తీసుకోండి!"

"నీ ఒంట్లో జబ్బుని ఆపే శక్తి ఎక్కిస్తే వచ్చేది కాదమ్మా, పుట్టుకతో వచ్చింది. ఎవరికైనా అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వస్తుంది. ఏ సగం ఎవరికి పడుతుందో మన చేతుల్లో లేదు. ఆమె నెత్తురూ చూశాం. నీకున్నది ఆమెకి రాలేదు. మాత్రలే దిక్కు, ఇవాళే మొదలెట్టాలి."

ఫుమ్లా మాత్ర చూడగానే పళ్లు బిగించింది. "పెద్దల ముందు నువ్వే కదే అన్నావు? ఒక్క కడుపున పుట్టి నీకో నెత్తురు, నాకో నెత్తురా?"

"అంతేనని నర్సు చెప్పిందే తల్లీ!"

"నర్సుకేం, మన పెద్దలు చుట్టాలా? నేనిది మింగితే వాళ్లని నమ్మనట్టే. వాళ్లలిగితే నీకున్నదీ పోతుందక్కా."

పెద్దల ముందు అన్నమాట పెద్దల ముందే తీసుకోవాలి. తోలాకెలె చెల్లెల్ని వీపున మోసుకెళ్లి ఆ గోడ దగ్గర పడుకోబెట్టి పొగ వేసింది. తోడబుట్టినదానికి తన నోటితోనే శాపం పెడుతున్నట్టుంది.

"తప్పు చెప్పాను. మీరు కాసింది నన్నొక్కదాన్నే. ఫుమ్లాకి మీరేమీ ఇవ్వలేదు. దాని నెత్తుర్లో మీ కాపలా లేదు."

ఫుమ్లా గోడకేసి చూసింది. తర్వాత నోరు తెరిచింది. తోలాకెలె మాత్ర వేసి నీళ్లు పట్టింది.

"మరి పెద్దలు నన్ను కాయకపోతే, చచ్చాక నేనెవరి దగ్గరికి పోనే అక్కా?"

తోలాకెలె మాత్ర దిగిందో లేదోనని చెల్లెలి గొంతు మీద వేలు పెట్టి చూస్తూ కూర్చుంది.