రెండో బ్రేకు

మా ఆవిడకి ఒక పాడు అలవాటు ఉంది. ఒకే ప్రశ్నలో రెండు ప్రశ్నలు అడుగుతుంది. "దుప్పటి కప్పమంటారా, తీసెయ్యమంటారా?" అంటుంది. రెప్ప ఒకసారి వాలిస్తే అవును, రెండుసార్లు వాలిస్తే కాదు. ప్రస్తుతం నాకున్న భాష అంతే. అవునంటే కప్పమన్నట్టా, తీసెయ్యమన్నట్టా? నేను గుడ్లు ఉరిమి చూస్తాను. "అదుగో, మొదలెట్టారు. ఇప్పుడు నేనేమన్నానని ఆ కోపం?" అంటుంది. కప్పేస్తుంది. చెమటలు పట్టి చస్తాను.

ఒకప్పుడు నా నోటికి జడిసి ఎంతమంది కారు తోలడం నేర్చుకున్నారో లెక్కలేదు. డ్రైవింగ్ స్కూల్లో పనిచేసేవాణ్ణి. "క్లచ్ తొక్కు! అద్దం చూడు! అది రోడ్డనుకున్నావా, మీ హాలనుకున్నావా?" అని పొద్దున్నుంచి అరవడమే ఉద్యోగం. నేర్పే కారులో పక్కసీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు కంగారులో కరెంటు స్తంభానికి గురిపెట్టినా నా కుడికాలు దానిమీద ఉండేది కాబట్టి అందరం క్షేమంగా ఇల్లు చేరేవాళ్లం. ఆ కాలికి అదే జబ్బయిపోయింది. ఇంట్లో టీవీలో కారు జోరుగా పోతున్నా సోఫాలో కూర్చుని నేల తొక్కేవాణ్ణి. "నాన్న బ్రేకు వేశారు, ఇక భయం లేదు" అని మా అమ్మాయి పడీపడీ నవ్వేది.

తర్వాత ఏదో నరాల జబ్బు పాదాల్లో మొదలై చేతుల్లోకి పాకి, చివరికి ఛాతీ దాకా వచ్చింది. ఊపిరి మిషను పెట్టారు. ఆపైన మెడ ముందువైపు చిన్న రంధ్రం చేసి గొట్టం అమర్చారు. కొన్నాళ్లకి ఊపిరి నాకు నేనే తీసుకోవడం మొదలుపెట్టాను. మిషను వెళ్లిపోయింది, గొట్టం మిగిలింది. చేతులింకా చచ్చుగానే ఉన్నాయి. కుడిపాదం మాత్రం కాస్త కదులుతోంది. ఒళ్లంతా పడుకుని ఉంటే అదొక్కటే ఎందుకు ముందు లేచిందో డాక్టర్లకి తెలీదు గానీ నాకు తెలుసు.

వార్డు సిస్టర్‌కి నేను మనసులో పెట్టుకున్న పేరు బ్రేక్ ఇన్‌స్పెక్టర్. అంత కచ్చితం మనిషి. సన్నటి పైపు గొట్టంలోకి పంపి కఫం లాగడం, లోపలి గొట్టం తీసి బ్రష్‌తో కడగడం, మెడచుట్టూ కట్టిన పట్టీ కింద వేలు దూరుతోందో లేదో చూడడం, అన్నీ మా ఆవిడకి నేర్పింది. మా ఆవిడ దర్జీ. ఆ చేతులకి ఏ పనైనా ఇట్టే పట్టుబడుతుంది. "అక్కా, నువ్వు మా ఉద్యోగాలకి ఎసరు పెట్టేట్టున్నావు" అని సిస్టర్ అంటే ఆవిడ మొహం వెలిగిపోయేది. నాకూ గర్వంగానే ఉండేది. చెప్పడానికి లేదు, అంతే.

నా గొంతు మళ్లీ వినిపించేది ఒక చిన్న మూత వల్ల. దాన్ని గొట్టం మూతికి తగిలిస్తే గాలి లోపలికి వస్తుంది, తిరిగి అటు పోనివ్వదు. అప్పుడా గాలి గొట్టం పక్కనుంచి పైకెక్కి నోట్లోంచి బయటపడుతుంది. మాట అలా వస్తుంది. అయితే గొట్టం చుట్టూ లోపల ఒక గాలితిత్తి ఉంటుంది. ముక్కు పైపులోంచి పాలు పోసేటప్పుడు సిస్టర్ దాన్ని ఉబ్బిస్తుంది, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోకుండా. తిత్తి ఉబ్బితే పక్కదారి మూసుకుపోయినట్టే. లోపల అది ఉబ్బిందో లేదో తెలియడానికి బయట సన్నటి తీగకి ఒక బుడగ వేలాడుతుంది.

"బుడగ మెత్తగా ఉంటేనే మూత పెట్టాలి. గట్టిగా ఉంటే దాని జోలికే పోవద్దు" అని సిస్టర్ చెప్పినప్పుడు నాకు ఒక్క ముక్కలో అర్థమైంది. లోపలికి వన్ వే, బయటికి బైపాస్. బైపాస్ మూసేసి వన్ వే బోర్డు పెట్టకూడదు. మా ఆవిడకీ అర్థమైంది. ఆవిడ మరిచిపోయే మనిషి కాదు.

జరిగిందల్లా ఆ కాలరు వల్ల. మా అమ్మాయి వేరే ఊళ్లో ఉంటుంది. వీడియోలో నా గొట్టం చూసి ఒకసారి ఏడ్చింది. అందుకని మా ఆవిడ నా పాత నీలం యూనిఫాం చొక్కా కత్తిరించి, గొట్టం మూతి ఒక్కటే బయటికి కనిపించేలా మెడకి కాలరు కుట్టింది. చుట్టూ సన్నటి కుట్టు, వెనక గుండీ. పెళ్లికొడుకులా ఉన్నానట.

ఆ ఉదయం అమ్మాయికి ఇంటర్వ్యూ. లోపలికి వెళ్లేముందు ఫోన్ చేస్తానంది. సిస్టర్ తిత్తి ఉబ్బించి పాలు పోసింది. "కాసేపు ఇలాగే ఉంచి, నేనే వచ్చి గాలి తీసి మూత పెడతాను" అంది. ఇంతలో పక్కగదిలో ఎవరికో బాగోలేదని పిలిస్తే పరుగెత్తింది. మా ఆవిడ నా మూతి తుడిచి, తల దువ్వి, కాలరు తగిలించింది. బుడగ, దాని తీగ నీలంగుడ్డ కిందికి వెళ్లిపోయాయి.

అప్పుడే ఫోన్ మోగింది.

"అమ్మా, పిలుస్తున్నారే. ఒక్కసారి నాన్నతో మాట్లాడించు. 'వెళ్లిరా' అంటే చాలు."

మా ఆవిడ తలుపు వైపు చూసింది. సిస్టర్ లేదు. "ఒక్క నిమిషం ఉండు" అని ఫోన్‌ని నీళ్ల సీసాకి ఆనించి, చేతులు కడుక్కుని, డబ్బాలోంచి మూత తీసింది. చేతులు కడుక్కోవడం మరిచిపోలేదు చూడండి. నేను రెప్ప రెండుసార్లు వాల్చాను. మళ్లీ రెండుసార్లు. ఆవిడ నా మెడకేసి చూస్తోంది, కళ్లకేసి కాదు.

మూత టక్కున కూర్చుంది. ఊపిరి లోపలికి వచ్చింది. బయటికి పోలేదు. ఇంకోటి వచ్చింది. అదీ పోలేదు. ఛాతీ బిగిసిపోయింది. ఇంత గాలి ఉండీ ఊపిరాడకపోవడమేమిటని నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికీ గాలి బయటికి పోవాలి కదా.

"మాట్లాడండి, మీకోసమే చూస్తోంది" అంది మా ఆవిడ.

ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూసే, వేలికున్న క్లిప్పు మిషను మోగింది. అది క్లిప్పు జారినా మోగుతుంది. "దీనికీ ఇప్పుడే మోగబుద్ధి పుట్టింది" అని విసుక్కుని ఆవిడ క్లిప్పు సరిచేసింది. నా దగ్గర మిగిలింది కుడికాలొక్కటే. తొక్కాను. ఉన్న బలమంతా పెట్టి తొక్కాను. దుప్పటి ఎగిరెగిరి పడింది.

మా ఆవిడ నవ్వింది. "చూడవే, మీ నాన్న నీకోసం బ్రేకులేస్తున్నారు!"

ఫోన్‌లో అమ్మాయి కూడా నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. "అమ్మా... అమ్మా, నాన్న మొహం చూడు!"

మా ఆవిడ చూసింది. కొయ్యబారిపోయింది. తర్వాత వేసిన కేకకి సిస్టర్ పరుగెత్తుకొచ్చి, ఒక్క పీకుతో మూత లాగేసింది. గాలి బుస్సుమని బయటికి తన్నుకొచ్చింది. సిస్టర్ కాలరు ఎత్తి చూసింది. బుడగ గట్టిగా, నిండుగా ఉంది. మూత డబ్బాలో పెట్టేసి, నా వేలి క్లిప్పు చూసుకుంది. తిట్టి ఉంటే మా ఆవిడ కాస్త తేలికపడేదేమో.

అమ్మాయి ఇంటర్వ్యూ మానేసి బయలుదేరిందట, చేరేసరికి రెండ్రోజులు పడుతుంది.

మర్నాడు సిస్టర్ తిత్తిలో గాలి తీసి, బుడగ నొక్కి చూసి, మూత పెట్టింది. మా ఆవిడ అప్పటికే వరండాలోకి వెళ్లిపోయింది. నేను "ఇదిగో" అన్నాను. పెళ్లయిన నాటినుంచీ ఆవిడని నేను పిలిచే పిలుపు అదే. బొంగురుగానైనా పలికింది. కుర్చీ ఖాళీగా ఉంది.

"అక్కా, సార్ పిలుస్తున్నారు, రా" అని సిస్టర్ కేకేసింది. తలుపు అద్దంలోంచి కనిపించింది మా ఆవిడ. రెండు చెవులూ చేతులతో మూసుకుని గోడవైపు తిరిగి నిలబడింది.

"తప్పు తనది కాదని చెప్పమ్మా. నాకు కోపం లేదు" అన్నాను సిస్టర్‌తో. అంతకే అలిసిపోయాను. మూత తీసేశారు.

అప్పుడు వచ్చింది మా ఆవిడ. కాలరు ఎక్కడ పారేసిందో కనిపించలేదు. కూర్చోకముందే నా మెడ దగ్గర బుడగ నొక్కి చూసింది. ఇంకోసారి నొక్కింది.

"కోపం లేదని మీరే అన్నారా, నన్ను ఊరుకోబెట్టడానికి సిస్టర్ కల్పించి చెప్పిందా?" అంది.

మళ్లీ రెండు ప్రశ్నలు.

రెప్ప ఒకసారి వాల్చాను. "అంటే? సిస్టరే కల్పించిందా?" అంది. రెండుసార్లు వాల్చాను. "అంటే, మీరు అనలేదా?" అంది. నేను ఒకసారి వాల్చానో, రెండుసార్లు వాల్చానో, కళ్లలో నీళ్లు తిరిగి నాకే తెలియలేదు. "పోనీలెండి. నాకు తెలుసు. కోపం లేకుండా ఎలా ఉంటుంది?" అని తల వంచుకుంది.

కాదే, కాదు. నా కుడికాలు దానంతటదే తొక్కడం మొదలుపెట్టింది.

దుప్పటి కదలడం ఆవిడ చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. కుర్చీ వెనక్కి పడిపోయింది. "సిస్టర్! సిస్టర్! ఆయనకి ఊపిరాడట్లేదు!" అని అరుస్తూ వరండాలోకి పరుగెత్తింది.

నాకేమీ కాలేదు. ఊపిరి చక్కగా ఆడుతోంది.