ఆర్డిత్ గోడకి మూడో మేకు

ఆర్డిత్ తన హాల్లో మూడో మేకు కొట్టించిన రోజున నన్ను కాఫీకి పిలిచింది. పిలిచింది కాఫీ కోసం కాదు, మేకు చూపించడానికని గడప దాటగానే అర్థమైంది. ఆ గోడ మీద అద్దాల ఫ్రేముల్లో రెండు బేస్‌బాల్ చొక్కాలు ఎప్పట్నుంచో వేలాడుతున్నాయి. వాటి పక్కన ఇప్పుడు ఒట్టి మేకు.

"ఇదేంటి ఆర్డిత్, క్యాలెండర్‌కా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"క్యాలెండర్ వంటింట్లో ఉందిగా! ఇది మన హోలిస్ చొక్కాకి," అంది, కప్పులో పాలు పోస్తూ.

మన హోలిస్! హోలిస్ ఉండేది మా ఇంట్లో. పడుకునేది మా మేడ మీద గదిలో. వాడి తడి తువ్వాళ్ళు మెట్ల మీంచి ఏరుకునేది నేను. ఆ కాఫీ సగంలోనే వదిలేసి లేచాను.

అయోవా రాష్ట్రంలోని మా టేబర్ ఫాల్స్‌కి హెరన్స్ అని ఒక బేస్‌బాల్ జట్టుంది. ఊళ్ళో అందరం 'కొంగలు' అంటాం. చిన్న లీగుల్లో కూడా అట్టడుగు మెట్టు. ఏటా ఏప్రిల్లో బంతి విసిరే కుర్రాళ్ళు కొత్తగా దిగుతారు. మూతి మీద మీసం కూడా సరిగ్గా రాని పిల్లలు, గది అద్దెకి తీసుకునే తాహతు లేనివాళ్ళు. అందుకని ఊళ్ళోవాళ్ళం తలా ఒకణ్ణి ఇంట్లో పెట్టుకుంటాం. బాగా విసిరినవాడు ఒక్కో మెట్టే ఎక్కుతూ ఒక్కో ఊరు మారతాడు. ఎక్కడో ఒకడు పైదాకా, టీవీలో కనిపించే పెద్ద లీగు దాకా వెళతాడు. అలా వెళ్ళినవాడు అక్కడ తొడిగిన మొదటి చొక్కా మీద సంతకం పెట్టి, తనని సాకిన ఇంటికి పంపడం మా ఊరి ఆనవాయితీ.

ఆర్డిత్ పెట్టుకున్న పిల్లల్లో ఇద్దరు అలా వెళ్ళారు. నేనూ ఆమె మొదలుపెట్టిన ఏడాదే మొదలుపెట్టాను. పొద్దున్న లేవగానే ముఖం కూడా కడుక్కోకుండా కంప్యూటర్ ముందు కూర్చుని, మా ఇంటి నుంచి వెళ్ళిన ప్రతివాడూ నిన్న ఏ ఊళ్ళో ఎలా విసిరాడో చూసేదాన్ని. ఒకడికి మోచెయ్యి కోసి కుట్టారు, మళ్ళీ లేవలేదు. ఒకడు ఒమాహాలో ఇన్సూరెన్స్ అమ్ముతున్నాడు. ఇంకొకడు ఆఖరి మెట్టు దాకా వెళ్ళి, అక్కడ ఒక పళ్ళ డాక్టరు కూతుర్ని ప్రేమించి ఆట మానేశాడు. ఆ పిల్లని నేనింకా క్షమించలేదు. ఇన్నేళ్ళకీ నా గోడ మీద గడియారం ఒక్కటే ఉంది.

హోలిస్‌ది మిసిసిపీ. ఎడమచేతి వాటం, తాటిచెట్టంత పొడుగు, చాలా మర్యాద. వచ్చిన కొత్తల్లో వాడు విసిరిన బంతి ఎక్కడికి పోతుందో వాడికే తెలిసేది కాదు. వరసగా ఓడిపోతున్నాడు. మే నెలలో ఒక రోజు నేను కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. మా ఎదురింటి ఆర్డిత్, 'పాపం, పిల్లాడు పస్తుంటాడు' అని తన క్యాసరోల్ ఒకటి తెచ్చిచ్చింది. కింద వేయించిన మాంసం కీమా, పైన బంగాళాదుంపలు, ఆ పైన చీజ్ వేసి ఓవెన్‌లో పెట్టడమే. అయోవాలో అది చెయ్యని ఇల్లుండదు. హోలిస్ అది తిని వెళ్ళి, ఆ సాయంత్రం పదకొండు మందిని నిలబెట్టి అవుట్ చేశాడు.

ఇక చూడండి నా ఖర్మ. బంతి విసిరేవాళ్ళకున్నన్ని నమ్మకాలు చర్చికెళ్ళేవాళ్ళక్కూడా ఉండవు. మైదానంలో తెల్ల గీత తొక్కకూడదు. గెలిచినన్నాళ్ళూ సాక్సులు ఉతక్కూడదు. విసిరే రోజున వాణ్ణి ఎవరూ పలకరించకూడదు. ఇప్పుడు వీటికి ఆర్డిత్ క్యాసరోల్ తోడైంది. వాడి వంతు అయిదు రోజులకోసారి వస్తుంది. అయిదు రోజులకోసారి మధ్యాహ్నం ఆర్డిత్ ఆ గాజు గిన్నెని రెండు చేతులా పట్టుకుని, అమ్మవారి పల్లకీ మోస్తున్నంత నెమ్మదిగా రోడ్డు దాటేది. వీధంతా చూడాలి కదా మరి.

"పిల్లాడు లేచాడా? వేడివేడిగా పెట్టు. మళ్ళీ నువ్వు మైక్రోవేవ్‌లో పెట్టి ఎండగొట్టేవు," అనేది గుమ్మంలో.

"నాకూ వంటొచ్చు ఆర్డిత్."

"రాదన్నానా? ఎవరి చేతి రుచి వాళ్ళది."

నేను చేసిన పంది మాంసం రోస్టు బల్ల మీద చల్లారిపోయేది. "నిన్న మీ రోస్టు తినలేదు వెర్నా గారూ, ఏమీ అనుకోకండి," అనేవాడు హోలిస్ మర్నాడు. నేను వెర్నా గారిని. ఆవిడేమో ఆర్డీ ఆంటీ! రేడియోలో కామెంట్రీ చెప్పేవాడు కూడా 'ఆర్డిత్ గారి క్యాసరోల్ పడిందా ఇవాళ?' అని నవ్వేవాడు. నాకు కుళ్ళుగా ఉండేది. దాచుకోవడం దేనికి, ఒళ్ళంతా మండిపోయేది.

జులైలో మనవరాలి పెళ్ళికని ఆర్డిత్ నెబ్రాస్కా వెళ్ళింది. వెళుతూ ఒక క్యాసరోల్ చేసి, గడ్డకట్టించి, నా ఫ్రిజ్‌లో పెట్టిపోయింది. హోలిస్ విసిరే రోజున దాన్ని తీసి, తిన్నగా కాలే ఓవెన్‌లోకి తోశాను. మంచులాంటి గాజు, మండే ఓవెన్. పది నిమిషాలు కాకుండానే ఠప్పుమని పేలింది. అన్నంలో రాళ్ళేరినట్టు గాజు ఏరలేం కదా, మొత్తం చెత్తబుట్టలో పడేశాను. కావాలని చేశావా అని మా ఆయన లియోన్ అడిగాడు. లేదని బైబిల్ మీద ఒట్టేశాను.

మేడ మీద కుర్రాడు నిద్రలేచిన అలికిడి వినిపిస్తోంది. నా దగ్గరా అచ్చం అలాంటి గాజు గిన్నే ఉంది. ఊళ్ళో అందరి దగ్గరా ఉండేది అదే రకం. అందుకే చర్చి విందులకి తీసుకెళ్ళేటప్పుడు, మళ్ళీ ఎవరి గిన్నె వాళ్ళింటికి చేరాలని, అడుగున టేపు ముక్క అంటించి పేరు రాసుకుంటాం. ఆర్డిత్ పగిలిన గిన్నె నుంచి ఆ టేపు ఊడదీసి నా గిన్నెకి అంటించాను. లోపలిది మాత్రం మా అమ్మ చేసే పద్ధతిలోనే చేశాను. మా అమ్మ వాళ్ళు చెక్ దేశం నుంచి వచ్చినవాళ్ళు. వెల్లుల్లి దండిగా నూరి వేసి, ఎండబెట్టిన మరువాకు పిడికెడు నలిపి బంగాళాదుంపల్లో కలిపేది. నేనూ అదే చేశాను.

హోలిస్ మాట్లాడకూడదు కనుక మాట్లాడలేదు. కానీ గిన్నె అడుగు గీకి మరీ తిన్నాడు. ఆ సాయంత్రం ఏడు ఇన్నింగ్స్ ఆటలో ఒక్కడంటే ఒక్కడు వాడి బంతిని హిట్ కొట్టలేకపోయాడు. మా కొంగల చరిత్రలో అలాంటిది ఎవరూ చూడలేదు. ఆట అయ్యాక మైకు వాడి నోటి దగ్గర పెడితే, రొప్పుతూ, "ఆర్డీ ఆంటీ క్యాసరోల్ మహిమండీ! ఇవాళ్టిది మరీ అద్భుతం," అన్నాడు. స్టేడియమంతా ఆర్డిత్, ఆర్డిత్ అని అరిచింది. నెబ్రాస్కాలో ఉన్న మనిషి కోసం! దాన్ని వండిన మనిషి నాలుగో వరసలో కూర్చుని చప్పట్లు కొడుతోంది.

ఆర్డిత్ నెబ్రాస్కా నుంచి వచ్చీరాగానే కొట్టించి, నన్ను పిలిచి చూపించిన మేకే అది.

నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. చెప్తే చొక్కా నాది. కానీ చెప్తే వాడి నమ్మకం ఏమవుతుంది? ఈ ఆలోచనలో నేనుండగానే ఆర్డిత్ మళ్ళీ పల్లకీ మోసుకొచ్చింది. కుర్రాడు ఆమెది తిన్నాడు, రెండో ఇన్నింగ్స్‌లోనే చావుదెబ్బ తిని దిగిపోయాడు. నాకు లోపల్లోపల పండగ. అయిదు రోజుల తర్వాత మళ్ళీ అదే కథ. ఆ రాత్రి భోజనాల దగ్గర హోలిస్ ముఖం చూసి నా పండగ ఆగిపోయింది.

"ఏమో వెర్నా గారూ, ఏదో తేడాగా ఉంటోంది. ఆ రోజులా లేదు. ఇంకోసారి ఇలాగైతే ఇంటికి పంపేస్తామన్నారు," అన్నాడు. వాడికి ఇరవై ఏళ్ళు. ఆ మాట అంటూ ఫోర్కుతో ఖాళీ పళ్ళెం గీకుతున్నాడు.

వాడి తర్వాతి వంతు నుంచి నేను దొంగనయ్యాను. ఆర్డిత్ గుమ్మంలో గిన్నె ఇచ్చి వెళ్ళగానే అందులోది తీసి దాచేసి, నేను చేసింది ఆ గిన్నెలో సర్ది పెట్టేదాన్ని. ఆర్డిత్ చేసింది నేనూ లియోనూ తినేవాళ్ళం.

"ఇదీ బాగుందే," అన్నాడు లియోన్ ఒకసారి.

"నోరు మూసుకుని తిను."

బాగుండడం నిజమే, అదింకో మంట.

హోలిస్ మళ్ళీ గెలవడం మొదలుపెట్టాడు. ఆగస్టు అంతా గెలిచాడు. గెలిచిన ప్రతిసారీ ఊరు ఆర్డిత్‌ని మెచ్చుకుంది. కిరాణా కొట్లో ఆమెకి వరసలో దారిచ్చారు. నా చేత్తో నేనే వండి, నా చేత్తో నేనే ఆమెని అందలం ఎక్కించాను.

నెలాఖరున వాడికి పై మెట్టుకి పిలుపొచ్చింది. ఆ సాయంత్రమే ఆర్డిత్ మా పెరటి తలుపు తట్టింది. చేతిలో గిన్నె లేదు.

"హోలిస్ నన్ను క్యాసరోల్ నేర్పమన్నాడు. కొత్త ఊళ్ళో తనే చేసుకుంటాట్ట," అంది.

"నేర్పు మరి."

"చెప్పు. అందులో ఏం వేస్తున్నావు?"

తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడిచాను.

"నా గిన్నెకి ఒక మూల పెచ్చు ఊడి ఉంటుంది వెర్నా. పెళ్ళి నుంచి వచ్చాక నువ్విచ్చిన దానికి నాలుగు మూలలూ శుభ్రంగా ఉన్నాయి. అడిగితే లియోన్ మొత్తం కక్కేశాడు."

"తెలిసి కూడా మేకు కొట్టించావుటే?"

"కొట్టిస్తానే. వాడు నీ ఇంట్లో పడుకుంటాడు, నీ బల్ల దగ్గర తింటాడు, వాళ్ళమ్మ ఫోన్ చేస్తే నీతో మాట్లాడుతుంది. నాకున్నది ఆ క్యాసరోల్ ఒక్కటే. అదీ లాక్కున్నావు."

ఆర్డిత్ నా మీద అసూయపడుతుందని కలలో కూడా అనుకోలేదు. చెప్పొద్దూ, వెయ్యి దీపాలు వెలిగినట్టయింది. ఆ సంతోషంలో చెప్పడం మొదలుపెట్టాను. వెల్లుల్లి ఎంతో చెప్పాను, దుంపలు ఎంత మందాన తరగాలో చెప్పాను. మరువం దగ్గరికి వచ్చేసరికి నోరు మూతపడిపోయింది. ఆ ఒక్కటీ నా దగ్గరే ఉండనీ అనిపించింది. ఆర్డిత్ తలూపి వెళ్ళిపోయింది.

కిటికీలోంచి ఆమె రోడ్డు దాటడం చూశాను. తర్వాత కొత్త ఊళ్ళో హోలిస్ ఒంటరిగా వంట చేసుకుని, తిని, 'ఏదో తేడాగా ఉంది' అనుకోవడం కూడా కళ్ళకి కట్టింది. చెప్పుల్లేకుండానే పరిగెత్తాను.

"మరువం! పిడికెడు మరువం! ఎండుది!"

"అదా," అంది ఆర్డిత్ వెనక్కి తిరక్కుండానే. "ఇంత సేపు పట్టిందేం?"

హోలిస్ పైకి రావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. నేను పొద్దున్నే కంప్యూటర్ తెరిచేసరికి ఆర్డిత్ ఫోన్ వచ్చేది: "చూశావా? నిన్న మనవాడు మళ్ళీ ఇరగదీశాడు." మనవాడు అన్నప్పుడల్లా పళ్ళు నూరుకునేదాన్ని, కానీ ఆ ఫోన్ రాని రోజున నేనే చేసేదాన్ని. పెద్ద లీగులో వాడి మొదటి ఆట ఆర్డిత్ ఇంట్లో చూశాం, వాళ్ళ టీవీ పెద్దది. గెలిచాడు. మైకు పెట్టగానే ఆర్డీ ఆంటీ క్యాసరోల్ అన్నాడు. "ఇంకా, నాకు ఉండడానికి చోటిచ్చిన వెర్నా గారికి థాంక్స్," అన్నాడు.

చోటిచ్చిన! నేనేమన్నా సత్రం నడుపుతున్నానా? ఆర్డిత్ నా వైపు చూడలేదు. పకోడీ లాంటి మొక్కజొన్న వడల పళ్ళెం మాత్రం నా వైపు జరిపింది.

చొక్కా పార్సిల్ ఆమె ఇంటికే వచ్చింది. ఫ్రేము కట్టించి, తగిలించడానికి నన్నూ లియోన్‌నీ పిలిచింది. రాకూడదనే అనుకున్నాను, కాళ్ళు ఊరుకోలేదు. లియోన్ నిచ్చెన ఎక్కాడు. చొక్కా మీద నల్ల సిరాతో 'ఆర్డీ ఆంటీకి, ప్రేమతో హోలిస్' అని ఉంది. చదివాను. కళ్ళు మండాయి.

"అలా నిలబడకపోతే ఓ చెయ్యి వెయ్యకూడదూ, బరువుగా ఉంది," అంది ఆర్డిత్.

ఫ్రేము ఎత్తి లియోన్‌కి అందించబోతే వెనక వైపు నా వేళ్ళకి ఏదో గరుగ్గా తగిలింది. తిప్పి చూశాను. చెక్క మీద కింది మూల, గిన్నెల అడుగున అంటించే టేపు ముక్క. దాని మీద ఆర్డిత్ వంకర అక్షరాల్లో 'వెర్నా' అని ఉంది.

ఆర్డిత్ వైపు చూశాను. ఆమె తన గోళ్ళు చూసుకుంటోంది.

"అడుగున పేరుంటే ఎవరిదో వాళ్ళింటికి చేరాలిగా," అంది చివరికి.

"ఎప్పుడు చేరుతుంది?"

"నేను పోయాక వచ్చి తీసుకెళ్ళు. పిల్లలకి చెప్పి ఉంచాను. అప్పటిదాకా నా గోడ మీదే ఉంటుంది."

"వాడికి చెప్పనా?"

"చెప్పావంటే చంపుతాను. వాడు రేపు మళ్ళీ విసరాలి."

లియోన్ దాన్ని మూడో మేకుకి తగిలించాడు. కొంచెం ఎడమకి ఒరిగితే నేనే సరిచేశాను. ముగ్గురం కాసేపు నిలబడి చూశాం. ఆర్డిత్‌కి డెబ్భై నాలుగేళ్ళు, రోజూ రెండు మైళ్ళు నడుస్తుంది. వాళ్ళమ్మ తొంభై ఎనిమిదేళ్ళు బతికింది. ఇంటికొచ్చి, గడియారం పక్కన నేనూ ఒక మేకు కొట్టించాను.