డ్రైవరు వైపు తలుపు

జూలై తొమ్మిది, మంగళవారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు, అమలాపురం దాటాక కాలవ గట్టు మలుపులో, కొబ్బరికాయల లోడుతో వెళ్తున్న ట్రాక్టరు ట్రక్కు వెనక మూల నాకు తగిలింది. నేను బెత్తెడు లోపలికి నొక్కుకుపోయాను. అద్దం పగిలింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

నేను ఒక కారు తలుపును. కుడి వైపు ముందు తలుపును, అంటే డ్రైవరు ఎక్కి దిగే తలుపును. కారులో ఎంతమంది కూర్చున్నా నడిపేది ఎవరో నాకు తెలిసినంత ఖాయంగా ఇంకెవరికీ తెలియదు. అయినా ఆ సంగతి తేల్చడానికి మనుషులకు నెల రోజులు పట్టింది.

చెన్నై దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఇనుప రేకును అచ్చులో పెట్టి నొక్కితే నేను తయారయ్యాను. లోపల అడ్డంగా ఒక కడ్డీ బిగించారు. గుద్దు తగిలితే అది మనిషి దాకా రాకుండా ఆపడం ఆ కడ్డీ పని. ఆ పని చేయాల్సిన అవసరం పదేళ్ళ దాకా రాలేదు. మొదటి నాలుగేళ్ళు కాకినాడలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఉన్నాను. ఆయన దిగినప్పుడల్లా నన్ను మడమతో తన్ని మూసేవాడు. చేతులు ఖాళీ ఉండేవి కావు. రెండింటిలోనూ ఫోన్లు ఉండేవి.

ఆయన దగ్గర మమ్మల్ని కొన్నది కొప్పిశెట్టి పద్మనాభం గారు. ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. కాగితం విషయంలో తనను మించినవాడు లేడని ఆయన నమ్మకం. కారూ ఇన్సూరెన్సూ పదకొండు రోజుల్లో తన పేరుకు మార్పించుకున్నారు. ఆ పదకొండు రోజుల సంగతి ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు.

కారు ఆయన పేరున ఉంది గానీ నన్ను తెరిచింది ఆయన కాదు. డ్రైవింగు నేర్చుకోవడానికి నాలుగు రోజులు వెళ్ళి ఐదో రోజు మానేశారు. కారణం ఎవరికీ చెప్పలేదు. నేర్చుకున్నది ఆయన భార్య అనసూయ గారు. అప్పటికి ఆవిడకు యాభై ఒకటి. పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక లంక ఊళ్ళో ప్రాథమిక పాఠశాలకు హెడ్మిస్ట్రెస్. ఆ ఊరికి వెళ్ళే ఒక్క బస్సునూ ఆ ఏడే ఆపేశారు. ఆవిడ మనిషి పొట్టి. సీటును ముందుకంటా లాక్కుని, కింద దిండు వేసుకుని నడిపేవారు. సెలవు రోజుల్లో పద్మనాభం గారు ఎడమ వైపు కూర్చుని, పైనున్న పిడి పట్టుకుని, ఎదురొచ్చే ప్రతి సైకిలు గురించీ ఆవిడకు చెప్పేవారు.

ఆ మంగళవారం ఆవిడ ఒక్కరే ఉన్నారు. మలుపులో ట్రాక్టరుకు దారి ఇచ్చి, కారు ఆపుకుని ఉన్నారు. ట్రాక్టరు ముందుకు పోయింది, ట్రక్కు మాత్రం ఇటు ఒరిగింది. నేను తెరుచుకోలేదు. ఆవిడ ఎడమ తలుపు వైపు నుంచి దిగారు. ట్రాక్టరు డ్రైవరు చేతులు జోడించాడు. ఎనిమిది ఇరవై ఆరుకు మండల విద్యాశాఖాధికారికి ఫోన్లో మెసేజ్ పెట్టారు: నా కారును ట్రాక్టరు గుద్దింది, బడికి ఆలస్యమవుతుంది.

నాతోపాటు ముందు రేకూ నలిగి చక్రానికి ఆనుకుంది కాబట్టి, మధ్యాహ్నానికి కారును అమలాపురంలో బంగార్రాజు రిపేరు షెడ్డుకు లాక్కొచ్చారు. క్లెయిమ్ ఫారం పద్మనాభం గారు అక్కడే, నాకు రెండడుగుల దూరంలో బల్ల వేసుకుని నింపారు. కాబట్టి ఈ భాగం నేను స్వయంగా చూసినది.

ప్రమాదం జరిగిన చోటు, సమయం, తీరు అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. డ్రైవరు పేరు అనే గడి దగ్గర కలం ఆగింది.

"మా ఆవిడ పేరు రాస్తే తప్పు ఆవిడదే అంటారు బంగార్రాజూ" అన్నారు. "ఆడోళ్ళకి డ్రైవింగు రాదని ముందే తేల్చేస్తారు. మా అల్లుడి పేరు రాసేస్తాను. గవర్నమెంటు ఇంజనీరు కదా, ఎవడూ నోరెత్తడు."

"ఆయన ఊళ్ళో ఉన్నారాండీ?"

"ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి? లైసెన్సుంది కదా."

అల్లుడు వంశీధర్ విశాఖపట్నంలో ఉంటాడు. మామగారు ఫోన్ చేసి లైసెన్సు ఫోటో అడిగితే రెండు నిమిషాల్లో పంపాడు. ఎందుకని అడగలేదు. మామగారిని ఎందుకని అడగడం ఆ ఇళ్ళలో మర్యాద కాదు. అనసూయ గారికి ఎవరూ చెప్పలేదు. ఆవిడ బడిలో ఉన్నారు.

నలభై ఏళ్ళు ఇతరుల దరఖాస్తుల్లో తప్పులు పట్టిన మనిషి, ఏ తప్పూ లేని దరఖాస్తులో ఒక తప్పును తనే తెచ్చి పెట్టారు. భార్య లైసెన్సు పక్కాగా ఉంది. చలానా ఒక్కటి కూడా లేదు.

శుక్రవారం ఇన్సూరెన్సు కంపెనీ తరఫున నష్టం అంచనా వేసే సర్వేయరు జిలానీ గారు వచ్చారు. ఎక్కువ మాట్లాడని మనిషి. నన్ను ఐదు వైపుల నుంచి ఫోటోలు తీశారు. ఎడమ వైపు నుంచి ఎక్కి డ్రైవరు సీట్లోకి జరిగారు. మోకాళ్ళు స్టీరింగుకు ఆనుకున్నాయి. కిందున్న దిండు తీసి చూసి, మళ్ళీ అక్కడే పెట్టారు.

"అల్లుడు గారు ఎంత ఎత్తుంటారండీ?" అని అడిగారు.

"ఐదడుగుల పదకొండంగుళాలండీ, ఆయ్" అన్నారు పద్మనాభం గారు. ఆ గొంతులో అల్లుణ్ణి చూసుకునే మురిపెం ఉంది.

జిలానీ గారు సీటును ఇంకో ఫోటో తీసుకున్నారు. తర్వాత గట్టు మీదికి వెళ్ళి ట్రాక్టరు డ్రైవర్ని కలిశారట. శనివారం కంపెనీ మనిషి ఇంటికి ఉత్తరం తెచ్చి ఇచ్చాడట: మీ వాంగ్మూలానికీ కనిపించిన వివరాలకూ పొంతన లేదు, సంజాయిషీ ఇవ్వండి. ఆ ఉత్తరం అనసూయ గారి చేతిలో పడింది. ఇంట్లో ఏం జరిగిందో నేను చూడలేదు. సోమవారం సాయంత్రం నాలుగున్నరకు ఇద్దరూ షెడ్డుకు వచ్చారు. అప్పటికి రెండు రోజులుగా మాటల్లేవని బంగార్రాజు తన మేస్త్రీతో అన్నాడు.

సంజాయిషీ తీసుకోవడానికి వచ్చిన జిలానీ గారు కుర్చీ వేసి కూర్చోమన్నారు. ఆవిడ కూర్చోలేదు.

"నడిపింది నేనండీ. మా అల్లుడు ఆ రోజు ఈ జిల్లాలోనే లేడు."

"తెలుసండీ టీచరు గారూ. ట్రాక్టరు అతను చెప్పాడు, అమ్మగారు ఎడం పక్క నుంచి దిగారని. నాకు తెలియందల్లా, ఆ పేరు ఎందుకు రాశారన్నదే."

పద్మనాభం గారు గొంతు సవరించుకుని, ఆడమనిషి అని రాస్తే కంపెనీవాళ్ళు ఏమనుకుంటారోనని, అని మొదలుపెట్టారు.

"మా ఫారంలో ఆడా మగా అని అడగలేదండీ. లైసెన్సుందా అని అడిగాం" అన్నారు జిలానీ గారు.

అనసూయ గారు భర్త వైపు తిరిగారు. "ఆరేళ్ళు నా పక్కన కూర్చున్నారు. ఎప్పుడైనా భయపడ్డారా?"

"ఎక్కిన ప్రతిసారీ భయపడ్డాను" అన్నారాయన. అది నిజం. నాకు తెలుసు.

బంగార్రాజు అటు తిరిగి నవ్వుకున్నాడు.

"భయమేస్తే దిగిపోవాల్సింది. దొంగ రాత దేనికి?" అన్నారావిడ.

జిలానీ గారు ఉన్నదున్నట్టు చెప్పారు. క్లెయిమ్ వెనక్కి తీసుకుంటే వ్యవహారం ఇక్కడితో ఆగిపోతుంది, ఎవరూ ఏమీ అనరు. నిజం రాసిస్తే మొదట రాసింది అబద్ధమని ఒప్పుకున్నట్టే. పాలసీ షరతుల ప్రకారం కంపెనీ మొత్తం క్లెయిమునే కొట్టేయవచ్చు. ఒప్పుకుంటుందని తను మాట ఇవ్వలేరు.

కంపెనీ ఇవ్వకపోతే రిపేరు చేయించే పరిస్థితి లేదు. పదేళ్ళ పాత కారు, ఖర్చు దాని విలువలో సగం. ఉన్నది ఉన్నట్టు అమ్ముకోవాలి. ఇక ఆవిడ మిగతా ఐదేళ్ళ సర్వీసూ ఆటో దిగి మూడు కిలోమీటర్లు నడవాలి. వెనక్కి తీసుకున్నా అంతే. తేడా ఒక్కటే: కారు నడిపింది అల్లుడని కాగితం మీద అలాగే ఉండిపోతుంది. వెనక్కి తీసుకుందామని పద్మనాభం గారు మెల్లగా అన్నారు. పరువు గురించి కూడా ఏదో అన్నారు.

"రాయండి" అన్నారావిడ.

పాలసీ ఆయన పేరున ఉంది కాబట్టి ఆయనే రాయాలి. మొదటి కాగితంలో 'పొరపాటున' అని రాశారు. ఆవిడ ఆ మాట మీద వేలు పెట్టి, పొరపాటు కాదు, కావాలనే రాశారు, అన్నారు. రెండో కాగితం చాలా పొడవైంది. జిలానీ గారే వద్దన్నారు. మూడో దానిలో నాలుగు వాక్యాలున్నాయి. కారు నా భార్య నడిపింది. ఆమె పేరు రాస్తే క్లెయిమ్ రాదని అనుకున్నాను. అందుకని అల్లుడి పేరు కావాలనే రాశాను. ఇందుకు బాధ్యుణ్ణి నేనే. కింద సంతకం చేశారు. ఆవిడ మంగళవారం పెట్టిన మెసేజ్ కాపీని దానికి జతచేశారు.

ఆ తర్వాత ఇరవై నాలుగు రోజులు ఏ కబురూ లేదు. అనుమతి వచ్చేదాకా నా మీద చెయ్యి వేయకూడదు కాబట్టి ఎలా నలిగానో అలాగే ఉన్నాను. ఆ రోజుల్లో వానలు. అనసూయ గారు ఆటో దిగి నడుస్తున్నారని, రెండుసార్లు తడిసి జ్వరాన పడ్డారని పద్మనాభం గారు బంగార్రాజుతో చెప్పగా విన్నాను. ఆయన రోజు విడిచి రోజు షెడ్డుకు వచ్చేవారు. ఉత్తరం వచ్చిందా అని అడిగి, రాలేదంటే నా పక్కన కాసేపు నిలబడి వెళ్ళేవారు. ఒకసారి, పాలసీ ఆవిడ పేరుకు మార్చాలంటే ఏ ఫారం పెట్టాలని అడిగారు. బంగార్రాజుకు తెలియదు.

ఆగస్టు ఎనిమిదిన మెయిల్ వచ్చింది. బంగార్రాజు పైకి చదివాడు. మొదటి ఫారంలో డ్రైవరు వివరం తప్పు. పాలసీదారు కారణం ఒప్పుకుని రాతపూర్వకంగా సరిదిద్దారు. అసలు డ్రైవరుకు చెల్లే లైసెన్సు ఉంది. నష్టం చెప్పిన తీరుతో సరిపోతోంది. అందుచేత క్లెయిమ్ మంజూరు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు.

నన్ను సాగగొట్టి సరిచేయవచ్చని మేస్త్రీ అన్నాడు. లోపలి కడ్డీ వంగింది, మార్చాల్సిందేనని జిలానీ గారు రాశారు. పన్నెండో తేదీన నన్ను విప్పారు. సుద్దముక్కతో నా మీద క్లెయిమ్ నంబరు రాసి గోడకు ఆనించారు. విప్పింది నన్నేనని నిర్ధారించుకోవడానికి జిలానీ గారు మళ్ళీ వచ్చి ఇంకో ఫోటో తీశారు. నాకు తీసిన ఫోటోలన్నీ నలిగాక తీసినవే.

ఇప్పుడు నా పక్కన ఒక వ్యాను బానెట్టు, రెండు బంపర్లు ఉన్నాయి. పాత ఇనుము కొనే లారీ నెలకోసారి వస్తుందట. ఇంకా రాలేదు.

ఆగస్టు పదిహేడు, శనివారం, ఇద్దరూ కారు కోసం వచ్చారు. నా స్థానంలో కొత్త తలుపు బిగించి ఉంది. రంగు కాస్త తేడా. పద్మనాభం గారు కాగితాలన్నీ చదివి సంతకాలు చేశారు. బంగార్రాజు తాళంచెవి ఆయనకు అందించాడు.

"ఆవిడకివ్వు" అన్నారాయన. "నడిపేది ఆవిడ."

ఆయన ఎడమ వైపు ఎక్కారు. పది గంటల ఐదు నిమిషాలకు కారు షెడ్డు దాటి రోడ్డెక్కింది. గేటు దగ్గరి పుస్తకంలో డ్రైవరు సంతకం: కొప్పిశెట్టి అనసూయ.