తుంటిలోంచి రాలిన పొడి

అద్దాలమ్మ అసలు పేరు అంగడిలో ఎవరికీ గుర్తులేదు. ముప్పయ్యేళ్ళుగా కళ్ళజోళ్ళకు అద్దాలు సానపట్టిన చెయ్యి ఆమెది. తుంటి అరిగి అడుగు తీసి అడుగు వెయ్యలేని స్థితి వస్తే, ఆపరేషన్ చేసి ఆ చోట లోహపు గిన్నె, అందులో తిరిగే లోహపు గుండు అమర్చారు. మూడు నెలలు తిరిగేసరికి ఆమె చేతికర్ర పక్కన పడేసి మెట్లెక్కింది.

నాలుగో ఏట మొదలైంది అసలు కథ. చెవుల్లో ఎడతెగని హోరు. కోడలు పక్కనే నిలబడి పిలిచినా పలికేది కాదు. నీలం ఏదో ఆకుపచ్చ ఏదో పోల్చుకోలేకపోయింది. పది మెట్లెక్కితే ఆయాసం. చెవికొక డాక్టరు, కంటికొకరు, గుండెకొకరు. ముగ్గురూ నెపం వయసు మీదికే నెట్టారు.

"అరవై ఒకటికే అన్నీ కూడబలుక్కుని మూలపడతాయా అత్తయ్యా?" కోడలు ఆమె చెవి దగ్గర గట్టిగా అడిగింది.

"అందరూ ఒకేసారి సెలవు పెట్టారే," అని నవ్వేసింది అద్దాలమ్మ.

ఒక ఉదయం సానరాయి కింద నీళ్ళలోకి దిగుతున్న తెల్లటి పొడిని చూస్తుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. కోడల్ని వెంటబెట్టుకుని, తనకు ఆపరేషన్ చేసిన ఎముకల డాక్టరు దగ్గరికి తిన్నగా వెళ్ళింది.

"లోపలున్నవి రెండూ లోహాలే కదా డాక్టరుగారూ. ఇన్నేళ్ళుగా ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. పొడి రాలకుండా ఉంటుందా? రాలింది ఎటు పోతోంది?"

ఆయన వెంటనే రక్తం పరీక్షకు పంపించాడు. ఆ గుండు లోహంలో ఉండే కోబాల్ట్, రక్తంలో ఉండాల్సినదానికి వందరెట్లుంది.

"ఆ పొడి నెత్తురులో కరిగి ఒళ్ళంతా తిరిగిందమ్మా. చెవినీ కంటినీ గుండెనూ అదే పట్టుకుంది. ఈ ప్రశ్న నేను వేసుకోవాల్సింది," అన్నాడాయన. కోడలు ఆ మాటలు కాగితం మీద రాసి చూపించింది.

మళ్ళీ కోసి, లోహం తీసేసి పింగాణీ గుండు పెట్టారు. తీసిన గుండును చూపించమని అడిగిందామె. భూతద్దం కింద పెట్టి తిప్పి తిప్పి చూసింది. అంతటా అద్దంలా నునుపు. ఒక పక్క మాత్రం గోరంత మేర మసక. అంతే. తన పనిలో ఒక్క అద్దం నుంచి అంతకు ఎన్నోరెట్లు రాలుతుంది. కోపం రావాల్సిన చోట, ఇంత కాస్త పొడి ఒళ్ళంతా చుట్టొచ్చిందా అని ఆమెకు ఆశ్చర్యమేసింది.

ఏడాదికి గుండె కుదుటపడింది. రంగులు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఎడమ చెవికి మాత్రం వినికిడి తిరిగి రాలేదు. కోడల్ని కుడిపక్కన కూర్చోబెట్టుకుని, తన మణికట్టు దగ్గర నాడి మీద వేలు ఆనించి అది కొట్టుకోవడం చూసింది.

"నెత్తురుకు ఎన్ని దారులే లోపల," అంది చివరికి.