నా చేతుల మీద పెరిగిన కణాలు

గిన్నెలు కడిగి, అత్తగారికి మాత్రలిచ్చి, ల్యాబ్‌కి పరుగెత్తి కణాలకు మేత మార్చడం నా ఆదివారం. వాటికి సెలవులుండవు కాబట్టి నాకూ ఉండవు. "ఇంట్లోనూ వంటే, అక్కడా వంటే. ఇంతోటి దానికి అంత చదువు దేనికో" అంటుంది అత్తగారు. ల్యాబ్ మా ఆయనది. పేపర్ల మీద పేరు, ఉపన్యాసాలు, శాలువాలు అన్నీ ఆయనవే. పెంపకం ఒక్కటి మాత్రం నాకు వదిలేశాడు.

మేం పెంచేది క్లోమం కణాల్ని. కడుపులో ఉన్న బిడ్డకి క్లోమం ముందు చిన్న మొగ్గ. తర్వాత కొమ్మలు వేస్తుంది. కొమ్మ కొసన నిలిచిన కణం తిండి అరిగించే రసం చేస్తూ బతుకుతుంది. కొమ్మ మొదలు దగ్గర నిలిచినదానికి ఇన్సులిన్ చేసే యోగం పట్టొచ్చు. పుట్టుకలో తేడా ఏమీ లేదు, ఎక్కడ నిలబడిందన్నదే లెక్క. మైక్రోస్కోపులో మొదటిసారి అది చూసి ఏడ్చాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

కొమ్మలు వేసేదాకా ఆగే ఓపిక మా ఆయనకు లేదు. కణాల ముద్దల్ని విడగొట్టి పళ్లెంలో పలచగా పరిచేయమన్నాడు. పరిచాను. గబగబా పెరిగాయి, ఇన్సులిన్ కూడా చేశాయి. చప్పట్లు మోగాయి. మరికొన్ని వారాలు ఉంచిన పళ్లేల్లో మాత్రం, నిలబడే చోటు లేని ఆ కణాలు దారి తప్పాయి. అరిగించే రసం కక్కి పక్కవాటిని తిన్నాయి. పళ్లెం అడుగున కుడితినీళ్ల లాంటిది మిగిలింది.

"మేత సరిగ్గా మార్చి ఉండవు" అన్నాడు. మళ్లీ చేశాను, మళ్లీ అంతే అయింది. "ఆ పళ్లేలు పారెయ్. నోరు మూసుకో" అన్నాడు, అన్నం కలుపుకుంటూ.

ఆ కణాలు మొట్టమొదట ఎక్కించేది మా ఆడపడుచుకి. చిన్నప్పటినుంచీ ఇన్సులిన్ సూదులు పొడుచుకుని పొట్ట గట్టిపడిపోయిన పిల్ల. అన్నయ్య మాట నమ్మి తనే ముందుకొచ్చింది. ఇవాళ ఆసుపత్రి మంచం మీద కూర్చుని నవ్వుతోంది.

"ఒక్క అన్నయ్యే చేసుంటే భయపడేదాన్ని వదినా. నువ్వు పెంచినవి కదా, కళ్లు మూసుకుని పడుకుంటా."

పళ్లెం అడుగు గుర్తొచ్చింది. కుడితినీళ్లు ఈ పిల్ల కడుపులో. సీలు వేసిన కణాల డబ్బా నా ఒళ్లో ఉంది. మా ఆయన నా మోచేయి పట్టుకున్నాడు, చూసేవాళ్లకి ప్రేమ అనిపించేంత మెత్తగా. ఎముక నొప్పెట్టింది.

డాక్టరమ్మ లోపలికొచ్చింది. ఎక్కించే ముందు ఆవిడ తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది.

"వీటిని పెంచింది ఎవరు?"

"నేనే" అన్నాడు మా ఆయన, ఎప్పటిలాగే.

ఆ డబ్బాకి ఒక్కసారి బయటి గాలి తగిలితే లోపలివి ఇక ఎవరి ఒంట్లోకీ పనికిరావు. మోచేయి విడిపించుకుని సీలు చింపి, మూత తీసి బల్ల మీద పెట్టాను.

"నేను పెంచానండీ" అన్నాను డాక్టరమ్మతో. "లోపలికెళ్తే ఇవి ఈ పిల్లని తినేస్తాయి. ఆయనకి తెలుసు."