అభ్యంతరం ఉందా?

టీచరమ్మకు ఎడమ చెవి వినపడదు. పుట్టుకతో వచ్చిన లోపం కాదు, పోలింగ్ డ్యూటీలో వచ్చింది. ఒకళ్ళ ఓటు ఇంకొకళ్ళు వేయడానికి వీల్లేదని అడ్డం నిలబడితే, అనుచరులు ముద్దుగా ‘పులి’ అని పిలుచుకునే అప్పటి ఎమ్మెల్యే చెంప చెళ్ళుమనిపించాడు. కర్ణభేరి పగిలింది. ఆవిడ అన్న అదే గదిలో ఎదుటి పార్టీ ఏజెంటుగా కూర్చుని అంతా కళ్ళారా చూశాడు. “కేసు పెట్టవే, నీ వెనక నేనున్నాను,” అన్నాడు. పెట్టింది.

తర్వాతి ఎన్నికల్లో అన్నే పోటీ చేశాడు. చెల్లెల్ని జీపెక్కించి ఊరంతా తిప్పాడు. “చట్టాన్ని నిలబెట్టబోయి నా చెల్లి చెవి పోగొట్టుకుంది. నన్ను గెలిపించండి, వాణ్ణి జైల్లో కూర్చోబెడతాను!” అని మైకు పగిలేలా అరిచేవాడు. తన గాయాన్ని నలుగురిలో పెట్టి చూపించడం ఆవిడకు చచ్చేంత సిగ్గు. అయినా అన్న కదా అని ఊరుకుంది. అన్న గెలిచాడు, అతని పార్టీ అధికారంలోకి వచ్చింది. మరి పులి ఏం చేసింది? గోడ దూకి వచ్చి అన్న పార్టీలోనే వాలింది. రాజకీయాల్లో పులులకు వేట రాకపోయినా దూకడం బాగా వచ్చు.

ఈ రోజు సాక్ష్యం చెబుదామని ఆవిడ కోర్టుకు వచ్చింది. పొద్దున బయల్దేరేటప్పుడు అన్న ఫోన్ కూడా చేశాడు. “ఏదైనా తిని వెళ్ళవే, అక్కడ నీరసపడతావు.” ఎంత ప్రేమో!

తీరా కేసు పిలిచాక ప్రభుత్వ వకీలు లేచి, “ప్రజా ప్రయోజనాల దృష్ట్యా ప్రభుత్వం ఈ కేసును ఉపసంహరించుకుంటోంది, అనుమతించండి,” అన్నాడు. ఆవిడ కుడి చెవి అటు తిప్పి మరీ వింది. పొరపాటేమీ లేదు. వకీలు వెనక్కి వంగి మెల్లగా చెప్పాడు. “నన్ను తిట్టుకోకమ్మా. సిఫార్సు చేసింది మీ అన్నగారే.”

తిండి గురించి అంత శ్రద్ధగా అడిగినవాడు ఈ ఒక్క ముక్క మింగేశాడు!

“ఫిర్యాదుదారుకు అభ్యంతరం ఉందా?” అని జడ్జిగారు అడిగారు.

“ఉందండి. దెబ్బ నా చెంప మీద పడింది గానీ, ఆయన కొట్టింది ఓటుకి కాపలా ఉన్న మనిషిని. ఆయన పార్టీ మారితే చేసిన తప్పు మాసిపోతుందాండీ?”

జడ్జిగారు కాసేపు కాగితాలు తిరగేశారు. కేసు వదులుకోవడానికి తగిన కారణమేదీ చూపలేదంటూ పిటిషన్ కొట్టేశారు. వచ్చే వాయిదాకు కళ్ళారా చూసిన సాక్షిని, అంటే అన్నను, హాజరుపరచమన్నారు.

ఆవిడ గేటు దాకా వచ్చేసరికి అన్న కారు ఆగింది.

“ఎంత పని చేశావే! ఇంట్లో మాట్లాడుకుంటే పోయేదిగా?”

“పొద్దున ఫోన్ చేసినప్పుడు నీకు నోరు పడిపోయిందా అన్నయ్యా?”

అన్న అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “సరే, అయిందేదో అయింది. ఇప్పుడు నన్ను బోనెక్కిస్తారు. నేనేం చూశానని చెప్పమంటావు?”

వెటకారమనుకుని ఆవిడ అతని మొహంలోకి చూసింది. కాదు, నిజంగానే అడుగుతున్నాడు.

“చూసిందే చెప్పు,” అనబోయింది. అంతసేపూ కోర్టులో ఆపుకున్న ఏడుపు అక్కడ, అన్న ఎదురుగానే, కట్టలు తెంచుకుంది.